మిషన్ ఒప్పుకుంటలేదు

మిషన్ మీది పచ్చదీపం కాసేపు మినుకుమినుకుమని ఆగింది. గాబ్రియేలు దీపాన్ని వదిలి బల్లకు అవతల కూర్చున్న మదన్ మోహన్ మొహంలోకి చూశాడు. మదన్ మోహన్ తల అడ్డంగా ఊపాడు.

ఈసారీ లేదన్నమాట.

గాబ్రియేలుది ఫౌజులో ఫిరంగుల పని. గుండు మీద గుండు పంపుతుంటే అవతలివాడి సంగతేమో గానీ ముందు తన చెవులు పోయాయి. అప్పట్లో దూది పెట్టుకుని నెట్టుకొచ్చాడు. చెవి నొప్పని డాక్టరు దగ్గరికి పోతే తోటివాళ్ళు నవ్వుతారని పోలేదు. ఇప్పుడు పక్కన పిడుగు పడ్డా తెలియదు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పోల్చుకుంటాడు.

మొన్నటిదాకా పాపన్నపేట రోడ్డులో ఒక రైస్ మిల్లుకు కాపలా ఉన్నాడు. వెనక్కి వస్తున్న లారీ హారన్ వినబడక చక్రాల కిందికి పోబోయాడు. సేటు ఆ రోజే పంపించేశాడు. చెవులకు మిషన్ పెట్టించుకుని వస్తే మళ్ళీ తీసుకుంటానన్నాడు, అదీ నెలాఖరు లోపల. మంచి చెవి మిషన్ సర్కారే ఇస్తుంది. కాకపోతే ఆ చెవులు ఫౌజులోనే పోయాయని మాజీ సైనికుల ఆఫీసు ఒప్పుకోవాలి.

ఆ ఆఫీసులో ఇప్పుడు ఇదొకటి వచ్చింది, మాట్లాడే మిషన్. కాయితాలన్నీ అదే చదువుతుంది. ఇవ్వొచ్చో లేదో అదే తేలుస్తుంది. ఎందుకో కూడా చెబుతుంది. ఏదీ చాటుగా జరగకూడదని, అర్జీ పెట్టినవాడి ముందే పైకి చెబుతుంది. చెబుతున్నంతసేపూ దాని మీది పచ్చదీపం మినుకుమంటుంది. చివర్న సంతకం మాత్రం మనిషిది. ఒకరి గోడు ఇంకొకరి చెవిన పడకుండా తలుపు వేసి, ఒక్కొక్కరినే లోపలికి పిలుస్తారు. ఇన్నాళ్ళకు సర్కారుకు నోరొచ్చింది, తీరా వచ్చేసరికి నాకు చెవుల్లేవని గాబ్రియేలు తన భార్య సలోమితో అని నవ్వాడు.

సలోమి చర్చి హాస్టల్లో వంట చేస్తుంది. పని మానుకుని తోడు వస్తానంది. పెళ్ళాన్ని వెంటేసుకుని ఆఫీసుకు పోయే సిపాయిని ఎక్కడన్నా చూశావా అని గాబ్రియేలే వద్దన్నాడు. ఆటో కిరాయి దండగని రాందాస్ చౌరస్తా నుంచి ఎండలో నడిచే వచ్చాడు.

“ఏమంటుంది సాబ్?” అని అడిగాడు. తన గొంతు తనకు తెలియదు కాబట్టి గది దద్దరిల్లింది.

మదన్ మోహన్ పెదాలు సాగదీసి నిదానంగా చెప్పాడు. “వయసుతోని వచ్చిన చెవుడంట అన్నా. తోపుల మోతతోని కాదంట.”

“తోపు పక్కన అది నిలబడ్డదా?”

“నేను గదే అడుగుతున్న.”

మదన్ మోహన్ మిషన్ వైపు తిరిగి, వేలు ఊపుతూ ఏదో అన్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. పచ్చదీపం మళ్ళీ మినుకుమంది. ఆయన చేతులు రెండూ గాల్లోకి విసిరేసి కుర్చీలో కూలబడ్డాడు.

ఆయన్ని చూస్తే గాబ్రియేలుకే జాలేసింది. మదన్ మోహన్ కూడా ఫౌజీనే, స్టోరులో రాతపని చేసి దిగినవాడు. వచ్చిన ప్రతిసారీ కూర్చోమంటాడు, చాయ్ తెప్పిస్తాడు. సర్కారు ఆఫీసులో కుర్చీ చూపించినవాడే దేవుడు. ఈ సీట్లో ఇంతకుముందు ఉన్నాయన ఎవరికో సంతకం పెట్టి ఆడిట్లో ఇరుక్కున్నాడని, ఇప్పటికీ హైదరాబాదు చుట్టూ తిరుగుతున్నాడని ఆయనే ఒకసారి చెప్పాడు. ఇచ్చినవాడిని నిలదీస్తారు గానీ, ఇవ్వనివాడిని అడిగే నాథుడు లేడన్నాడు. మిషన్ రావడమే మంచిదైందట. ఎవరి పాపం ఎవరికీ అంటదట.

చాయ్ వచ్చింది. ఇద్దరూ ఊదుకుంటూ తాగారు.

“మనిషైతే కాళ్ళన్న పట్టుకోవచ్చు,” అన్నాడు మదన్ మోహన్. “దీనికి కాళ్ళెక్కడియి?”

గాబ్రియేలు నవ్వాడు. ఆ నవ్వు కూడా అలసిపోయే వచ్చింది. మిషన్ కోసం మిషన్ని బతిమాలుడు, బిచ్చపోని దగ్గర అప్పు అడిగినట్టే ఉందన్నాడు.

ఇక తిరిగే ఓపిక లేదు. ఇంటికి పోగానే సలోమి ఏమీ అడగదు, మొహం చూసి అన్నం పెడుతుంది. అదే ఎక్కువ బాధ. సేటు కాళ్ళ మీద పడటం ఒక్కటే మిగిలింది. పడ్డా లాభం లేదని తెలుసు. గేటు దగ్గర చెవిటివాడిని పెట్టుకుని కేసుల్లో ఇరుక్కోమంటే ఏ సేటు ఒప్పుకుంటాడు?

“ఇగ బంద్ చెయ్యుండ్రి సాబ్. మళ్ళ రాను.”

“జర సోంచాయించుకో అన్నా. కోపంల అంటున్నవ్.”

“కోపం గాదు. ఆర్డరంటే ఆర్డరే సాబ్. మేజర్ ఇచ్చినా అంతే, మిషన్ ఇచ్చినా అంతే.”

మదన్ మోహన్ బరువుగా నిట్టూర్చాడు. అర్జీ మూసేయడానికి మీట నొక్కాడు. గాబ్రియేలు లేచి, నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు.

“గీ మిషన్ల కాలంల మనిషంటే మీరొక్కరే కనబడ్డరు సాబ్,” అన్నాడు.

మదన్ మోహన్ కళ్ళు దించుకున్నాడు.

గాబ్రియేలు వెనక్కి తిరిగి తలుపు గడియ మీద చెయ్యి వేస్తుండగా, అతని వీపు వెనక మిషన్ ఎప్పటిలాగే గదంతా వినబడేలా చెప్పింది: “గాబ్రియేలు గారూ, మీ చెవులు ఫిరంగుల దగ్గరే పోయాయని, మీకు ఇవ్వవచ్చని నేను మొదటిసారి నుంచీ చెబుతూనే ఉన్నాను, సంతకం పెట్టనిది మదన్ మోహన్ గారు.”