బావగారి తొలి ఎలుగు

చచ్చిన ఎలుగుబంటి నోట్లో చెయ్యి పెట్టి, నాలుక బయటికి లాగి పట్టుకుని, డ్వేన్ ఇకిలించాడు.

"తియ్యరా రస్టీ. నాలుక కూడా పడాలి."

రస్టీ అతని స్నేహితుడు. టెక్సాస్ నుంచి ఫొటోలు తియ్యడానికే వచ్చాడు. నములుతున్న పొగాకును ఎలుగు మీదే తుపుక్కున ఉమ్మి, కెమెరా ఎత్తాడు.

ఎల్మర్ చూపు పక్కకి తిప్పుకున్నాడు. అలాస్కాలో పుట్టి, మీసాలు రాకముందే తుపాకీ పట్టినవాడు. నెత్తురూ పేగులూ అతనికి కొత్త కాదు. కానీ అంత పెద్ద జంతువును చంపి, దాన్ని తోలుబొమ్మను చేసి ఆడించేవాళ్ళను ఎప్పుడూ చూడలేదు.

అయినా కత్తి తీసి నూరుకోసాగాడు. డ్వేన్ అతనికి బావ. అక్క నోరీన్ మొగుడు.

పోయిన వేసవిలో టెక్సాస్ నుంచి చేపలు పట్టడానికొచ్చాడు డ్వేన్. చలికాలం ముదిరేలోపు నోరీన్‌ని పెళ్ళి చేసుకున్నాడు. చేపల ఫ్యాక్టరీలో పనిచేస్తూ, నలభై నాలుగేళ్ళు వచ్చేదాకా ఒంటరిగా ఉన్న అక్క ఆ రోజు నవ్విన నవ్వు ఎల్మర్ ఇంకా మర్చిపోలేదు. ఈ మనిషి ఏం చేసినా సరే, అక్క మళ్ళీ ఒంటరిది కాకూడదు. వేటకి రమ్మంటే అందుకే వచ్చాడు. రాక తప్పదు కూడా. గోధుమరంగు ఎలుగును వేటాడాలంటే బయటి రాష్ట్రాలవాళ్ళు ఖరీదైన గైడునైనా పెట్టుకోవాలి, ఇక్కడుండే దగ్గరి బంధువునైనా వెంట తెచ్చుకోవాలి.

"మొదటిది బావమరిదీ. పుట్టి బుద్ధెరిగాక మొదటి ఎలుగు," అన్నాడు డ్వేన్. అతని కళ్ళు చెమ్మగిల్లాయి.

తోలు వొలవడం మొదలుపెట్టారు. శరదృతువు ఎలుగు. నెలల తరబడి చేపలు మేసి బలిసింది. కత్తి దిగగానే కుళ్ళిన చేపల కంపు గుప్పుమంది. ఈ మాంసం ఎవరూ తినరు. తోలూ పుర్రే మనిషికి, మిగతాది నక్కలకీ గద్దలకీ. కొవ్వు మోచేతులదాకా అంటుకుని జిడ్డుగా కారుతుంటే, డ్వేన్ నోరీన్ అల్లిచ్చిన మఫ్లర్‌తో తుడుచుకున్నాడు.

మగదని తెలిసే ఆనవాలు తోలుకే వేలాడుతూ ఉండాలి. వేట ఆఫీసులో అది చూశాకే తోలుకి ముద్ర వేస్తారు. ఆ సంగతి ఎల్మర్ చెప్పబోయేలోపే, డ్వేన్ కత్తి దాన్ని తప్పించుకుని పక్కనుంచి వెళ్ళింది.

"భలే గుర్తుపెట్టుకున్నావు బావా."

"పుస్తకాల్లో చదివాలే."

గుడారం దగ్గర నోరీన్ దుప్పి మాంసమూ బంగాళాదుంపలూ ఉడికించి పెట్టింది. డ్వేన్ చేతులు కడుక్కోలేదు. తోలును ఈడ్చుకొచ్చి, ఆ వేలాడేదాన్ని ఎత్తి ఆమె ముక్కు దగ్గర ఊపాడు.

"ఛీ, అవతలికి పో," అని నవ్వేసింది నోరీన్.

ఎల్మర్ గిన్నె కింద పెట్టేశాడు. 

"ఇంక నాలుగేళ్ళు ఆగాలి. చట్టం ప్రకారం మనిషికి నాలుగేళ్ళకొక ఎలుగే కదా," అన్నాడు డ్వేన్ నోటినిండా కూరతో.

"ఆగుదాం. అప్పుడూ నేనే వండిపెడతా," అంది నోరీన్.

డ్వేన్ ఆమె బుగ్గ నిమిరాడు. కొవ్వు చారిక మిగిలింది. ఆమె తుడుచుకోలేదు.

విస్కీ సగమయ్యాక రస్టీ ఎల్మర్ భుజం మీద చెయ్యేశాడు. "నీకు ఇంకో అక్కో చెల్లెలో లేదా? వయసూ వాలకం నేను చూడను."

డ్వేన్ పొలమారేదాకా నవ్వాడు. ఎల్మర్ ఆ చేతిని పురుగును దులిపినట్టు దులిపేసుకుని, గిన్నెలు కడుగుతున్న అక్క దగ్గరికి వాగు ఒడ్డుకి వెళ్ళాడు.

"నీకు ఆయనంటే పడదు కదరా?" అంది నోరీన్ తలెత్తకుండా.

"అదేం లేదక్కా."

"ముఖంలో తెలుస్తూనే ఉంది. మోటు మనిషేలే. ఇన్నాళ్ళూ ఒక్క కంచమే కడుక్కున్నాను తమ్ముడూ. ఇప్పుడు రెండు కడుగుతున్నా. నాకది చాలు."

 ఎల్మర్ ఆమె చేతిలోంచి జిడ్డు గిన్నె తీసుకుని ఇసకతో తోమాడు.

తిరుగు ప్రయాణంలో పడవలో డ్వేన్ నోరీన్ భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు. నోరు తెరుచుకుని ఉంది, చొంగ కారుతోంది. నోరీన్ మాత్రం అతను లేస్తాడేమోనని కదలకుండా కూర్చుంది. ఎల్మర్‌కి తన మీద తనకే సిగ్గేసింది. అక్కకి నచ్చిన మనిషిని చూసి రోత పడటానికి తనెవడు?

వేట ఆఫీసులో కొత్త అధికారిణి ఉంది. తలంతా నెరిసిన మనిషి. ఎక్కడో ఉత్తరాన పనిచేసి, ఈ మధ్యే బదిలీ మీద వచ్చిందట. ఆమెను చూడగానే డ్వేన్ టోపీని కళ్ళమీదికి లాక్కున్నాడు. ఆమె పుర్రె కొలిచింది. ఓ చిన్న పన్ను ఊడబెరికింది. ఆనవాలు చూసి తోలుకి ముద్ర వేసింది.

"మా ఆయన మొదటి ఎలుగు," అంది నోరీన్ గర్వంగా. "పడగొట్టాక కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట."

ఎల్మర్ ముందుకొచ్చాడు. మనసులోని రోతనంతా దిగమింగి, డ్వేన్ భుజం తట్టాడు. "వెంట ఉన్నది నేనేనండీ. ఈయన మా బావ."

అధికారిణి కళ్ళజోడు సర్దుకుని, టోపీ కింది ముఖంలోకి తొంగిచూసి, ఆప్యాయంగా నవ్వింది.

"నువ్వా డ్వేన్, నాలుగేళ్ళ కిందట ఉత్తరాన నా ఆఫీసుకి తోలు తెచ్చినప్పుడు కూడా మొదటిదనే ఏడ్చావు, కానీ అప్పుడు నీ వెంటున్న బావమరిది ఇంకొకతను కదా?"