వేలంత ముక్క

"పళ్ళు లేని పసివాడి చేతికి పండు ముక్కిస్తావా? నీకేమన్నా మతి పోయిందటే?"

తలమీది చేపల గంప దించకుండానే సత్యవతమ్మ గుమ్మంలోంచి కేకేసింది. లోపల చాప మీద ఏడు నెలల మనవడు కిట్టిగాడు దర్జాగా కూర్చుని ఉన్నాడు. గుప్పిట్లో వేలంత పొడుగున చక్కెరకేళి ముక్క. దాన్ని నోటికి తీసుకెళ్ళబోయి చెవికి రాసుకుంటున్నాడు.

"బాగా మగ్గిన పండు అత్తయ్యా. రెండు వేళ్ళతో నొక్కితే నలిగిపోద్ది," అంది కోడలు శ్రీదుర్గ. "వాడంతట వాడు పట్టుకు తినడం అలవాటు చెయ్యమని, మొన్న టీకాకెళ్తే నర్సుగారు చెప్పారు. అడ్డం పడితే ఏం చెయ్యాలో కూడా బొమ్మ మీద నేర్పారు."

"అంటే అడ్డం పడుద్దని ఆవిడకీ తెలుసన్నమాట! నీ మొగుడితో కలిపి నలుగుర్ని పెంచాన్నేను. గుజ్జు చేసి నాకించానే తప్ప ముక్కన్నది చూపించలేదు."

బందరులో సగం వీధులు తిరిగి చేపలమ్మే మనిషి. ఆవిడ గొంతు పెంచిందంటే ఎంత గీచి గీచి బేరమాడేవాళ్ళైనా ఇచ్చింది పుచ్చుకుని తలుపేసుకోవాల్సిందే. శ్రీదుర్గ కూడా మామూలుగా అంతే. ఈ పండు ముక్క దగ్గర మాత్రం ఎందుకో మొండికేసింది.

"నేను పక్కనే కూర్చున్నాను కదండీ."

"కూర్చున్నది చాల్లే గానీ, ముందీ గంపకో చెయ్యి వెయ్యి. మెడ విరిగిపోతోంది."

ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని గంప దించారు. దించి తిరిగి చూసేసరికి కిట్టిగాడి నోరు తెరిచే ఉంది, శబ్దం మాత్రం లేదు. కళ్ళు గుండ్రంగా తిరిగిపోయాయి. ఎర్రగా కందిన మొహంలో పెదాలు నీలంగా మారుతున్నాయి.

ఎంత సన్నటి ముల్లునైనా చేపలోంచి తడిమి లాగేసే వేళ్ళు సత్యవతమ్మవి. ఒక్క అంగలో వచ్చి పిల్లాడి నోట్లోకి వేలు పోనివ్వబోయింది.

ఫట్‌మని ఆ చేతి మీద దెబ్బ పడింది.

"వేలు పెట్టొద్దు! ఇంకా లోపలికి పోద్ది!" అరిచింది శ్రీదుర్గ.

కోడలు తనని కొట్టింది! ఆవిడ తేరుకునే లోపే శ్రీదుర్గ పిల్లాణ్ణి ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టుకుని, తల కిందికి వంచి, రెక్కల మధ్య అరచేత్తో చరవడం మొదలెట్టింది. ఒకటి. రెండు.

"ఓరి నాయనోయ్! పిల్లాణ్ణి చంపేస్తోంది, రండర్రా!"

ఆ కేకకి పక్కింటి యలమంద పరిగెత్తుకొచ్చాడు, వెనకాలే వీధిలో ఆడవాళ్ళు నలుగురు. అరుగు మీద వల బాగుచేసుకుంటున్న శ్రీదుర్గ మొగుడు గణపతి, కొడుకుని చూసి గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. మూడు. నాలుగు. సత్యవతమ్మ మనవణ్ణి లాక్కోవడానికి మీదికి దూకింది.

ఐదో దెబ్బకి కిట్టిగాడి నోట్లోంచి ఏదో ఊడి చాప మీద పడింది. మరుక్షణం వాడు ఇల్లెగిరిపోయేలా కేర్‌మన్నాడు. అంత చక్కటి ఏడుపు సత్యవతమ్మ పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

శ్రీదుర్గ చాప వైపు చూసి, ఆ పడ్డదాన్ని చప్పున గుప్పిట్లోకి తీసుకుంది.

సత్యవతమ్మ మనవణ్ణి గుండెలకి హత్తుకుని భోరుమంది. కారే కన్నీళ్ళతోనే వాడి మణికట్టుని ముద్దు పెట్టుకుంది. దానికి నల్లతాడు ఉంది. మాటలు తొందరగా రావాలనీ, ఏ దిష్టీ తగలకూడదనీ, వసకొమ్ముని తనే తొమ్మిది ముక్కలుగా కోసి, ఒక్కోదాన్నీ ఓ దారం పోగుతో తాడుకి వేలాడగట్టి, మొన్న మోపిదేవి తీసుకెళ్ళినప్పుడు గుడి మెట్ల మీద కట్టింది.

"ఈ తాడే నా తండ్రిని కాపాడింది. నాకుతున్నాడు, తీసేద్దామంది మహాతల్లి! ఉండబట్టి సరిపోయింది," అని గణపతి వైపు తిరిగింది. "చూశావట్రా నీ పెళ్ళాం నిర్వాకం? వద్దు వద్దంటున్నా పండు ముక్క పెట్టి పిల్లాణ్ణి పొట్టన పెట్టుకునేది. పైగా నన్ను కొట్టింది. ఇప్పుడా ముక్క గుప్పిట్లో దాచింది. ఏదీ, తియ్యవే!"

శ్రీదుర్గ తల దించుకుంది.

"తప్పు నాదే అత్తయ్యా. ఇంకెప్పుడూ ముక్కలు పెట్టను."

"తప్పని నోటితో అంటే సరిపోద్దా? నలుగురూ చూడాలి. రేపు మళ్ళీ నర్సుగారు చెప్పారంటావ్."

"పిల్లాడు బానే ఉన్నాడుగా. ఒదిలెయ్యమ్మా," అన్నాడు గణపతి.

"నువ్వు నోర్ముయ్యి!" పిల్లాణ్ణి కొడుకు చేతుల్లో పెట్టి, సత్యవతమ్మ కోడలి చెయ్యి దొరకబుచ్చుకుంది.

"అందరి ముందూ వద్దండీ," అత్తకి మాత్రమే వినపడేలా గొణిగింది శ్రీదుర్గ. కళ్ళనిండా నీళ్ళు. "లోపలికెళ్ళాక చూద్దురుగాని. మీకు దణ్ణం పెడతాను."

"ఏం, ఇప్పుడు సిగ్గేసిందా?"

చేపల గంపలు మోసిన చేతుల ముందు ఆ పిల్ల బలమెంత! ఆడవాళ్ళంతా మెడలు సాచారు. యలమంద ఇంకాస్త ముందుకి వంగాడు. సత్యవతమ్మ ఒక్కొక్క వేలే విడదీసి, ఆ అరచేతిని అందరికీ కనపడేలా పైకెత్తి, అప్పుడు తనూ చూసింది.

తడిసి, తెగిన నల్లదారం పోగుతో సహా, తొమ్మిదో వసకొమ్ము ముక్క.