తూర్పు హద్దు

"నాలుగింటికి పేర్లు ఎక్కిచ్చుడు మూస్త కాకా. ఇంక నలభై నిమిషాలే ఉన్నది," అంది దీప, లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా.

బుచ్చన్న ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడిపి, మొదటి షిఫ్టు దిగీ దిగగానే గోదావరిఖనిలోని ఆమె కంప్యూటర్ సెంటర్‌కు పరుగెత్తుకొచ్చాడు. కళ్ల చుట్టూ నుసి అలాగే ఉంది. మొహం కడుక్కునే తీరిక ఎక్కడిది?

"మూడు హద్దులు అయినయి గదా బిడ్డా! ఒక్కటి తక్కువైతే ఏమైతది?"

"నాలుగుంటేనే పేరు. గా రూలు పెట్టింది మీరే గదా."

నిజమే, అందరూ కూర్చుని పెట్టుకున్న రూలే. దీప వాళ్ల ఊరి పిల్లే. బయటి ఇంటర్నెట్‌లో సైటుకు పేరు కావాలంటే ఏటేటా కిరాయి కట్టాలి, మరిచిపోతే ఇంకెవరో ఎగరేసుకుపోతారు. మన ఫోటోలేమో ఎక్కడో ఎవరి మిషన్లలోనో పడి ఉంటాయి. ఆ బాధ లేకుండా ఊరికంటూ ఒక సొంత ఇంటర్నెట్ కట్టింది ఆమె. ఇంటికో చిన్న పెట్టె. ఆ ఇంటి ఫోటోలు, పెళ్లి వీడియోలు, ముసలోళ్ల పాటలు అందులోనే ఉంటాయి. దానికి యజమాని అంటూ ఎవరూ లేరు. పేరు మాత్రం ఊరే ఇవ్వాలి, ఇంటి కాగితాల్లో హద్దులు రాసుకున్నట్టు. తూర్పున ఎవరు, పడమర ఎవరు, దక్షిణాన ఎవరు, ఉత్తరాన ఏముంది? ఆ హద్దుల వాళ్లే వచ్చి, "అవును, ఇది వీళ్ల ఇల్లే" అని వేలు ఒత్తాలి. కబురైనా అంతే, ఒక ఇంటి నుంచి పక్కింటికి, వాడకట్టు వరుసలోనే నడుస్తుంది.

బుచ్చన్నకు ఉత్తరాన బజారు. దానికి దీప దగ్గరున్న ఊరి పాత నక్షాయే సాక్ష్యం. దక్షిణాన సారవ్వ నిన్ననే వేలు ఒత్తింది. పడమర సమ్మవ్వ పొద్దున్నే గోలేటిలో బస్సెక్కి వచ్చి ఒత్తి, ఇంకా ఇక్కడే కూర్చుని ఉంది. ఇక మిగిలింది తూర్పు, అంటే సదయ్య.

ఆ సదయ్య అదే గదిలో, ఫ్యాను కింద, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఇద్దరికీ మాటల్లేక ఇరవై ఏళ్లు. మధ్యగోడ తన జాగాలోకి జానెడు వచ్చిందని సదయ్య. వెంట్రుకవాసి కూడా రాలేదని బుచ్చన్న.

"దీపా," అన్నాడు సదయ్య గోడ మీది క్యాలెండర్‌తో మాట్లాడుతున్నట్టు. "ఆయన గోడ నా జాగల ఉన్నదని ఒప్పుకోమను. గప్పుడు ఒత్తుత."

"ఆ గోడ నేను తాడు పట్టి కట్టిన అని చెప్పు బిడ్డా."

"తాడే వంకర పట్టిండని చెప్పు."

"నాలుగడుగుల దూరంల కూసొని, నడుమ నేనేమన్న టెలిఫోన్‌నా?" దీప విసుక్కుంది.

గడియారం మూడూ నలభై ఐదు చూపిస్తోంది. బుచ్చన్న లాప్‌టాప్ దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు. "నువ్వే ఎక్కియ్యరాదు? ఎవలకు ఎరుక?"

"నేను ఇయ్యాల ఒక పేరు ఎక్కియ్యగల్గితే, రేపు ఒక పేరు తీసెయ్యగల్గుత కాకా. గసొంటి అధికారం ఎవలికీ ఉండద్దనే గదా ఇదంత చేసింది."

"నీ పేరు పడకపోతే నీ అవతలి రెండిండ్లోళ్లం తెగిపోతం బుచ్చన్నా," అంది సమ్మవ్వ దిగులుగా. "మా అత్త పాట ఎవలింటరు?"

ఆ గోడకు మట్టి తొక్కింది బుచ్చన్నే. కూతురు సంతోషి మొదటి అడుగు వేసింది ఆ ఇంటి అరుగు మీదే. నిన్న ఫోనులో అడిగింది, "నాయినా, మన ఇంటి పేరు కొడితే తెరుచుకుంటదా? పిల్లకు చూపిస్త" అని. తెరుచుకుంటదని మాట ఇచ్చేశాడు. జానెడు గోడ దగ్గర పట్టుబట్టి ఇల్లు ఇల్లంతా పోగొట్టుకుంటానేమోనని మొదటిసారి నిజంగా భయం వేసింది.

మూడూ యాభై ఆరు. అతను లేచి సదయ్య ఎదుట నిలబడ్డాడు.

"సదన్నా, గోడ జానెడు నీ జాగలనే ఉన్నది. తాడు నేనే వంకర పట్టిన. రాయించుకో."

సదయ్య కాలు దించాడు.

"ఈ ముక్కకు ఇరవై ఏండ్లు పట్టెనా నీకు?" అంటూ లేచి వేలిముద్ర మిషన్ మీద బొటనవేలు పెట్టాడు.

ఎర్ర లైటు వెలిగింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎరుపే. ముప్పై ఏళ్లు భూమి లోపల బొగ్గు నింపిన వేళ్లు, గీతలన్నీ ఎప్పుడో అరిగిపోయాయి.

"చూపుడువేలు పెట్టు కాకా, జల్ది! రెండే నిమిషాలున్నది!" అరిచింది దీప.

బుచ్చన్న తన తువ్వాలు అంచు సీసాలో నీళ్లతో తడిపి, సదయ్య చెయ్యి లాక్కుని, చంటిపిల్లాడికి తుడిచినట్టు వేలు తుడిచాడు. తనే పట్టుకుని మిషన్ మీద అదిమాడు.

ఆకుపచ్చ లైటు వెలిగింది.

"పడ్డది!" సమ్మవ్వ చప్పట్లు కొట్టింది.

"జానెడు సంగతి గూడ రాయాల్నా?" అడిగింది దీప.

"వద్దు తియ్యి," అన్నాడు సదయ్య. "వానొస్తే ఆయన చూరు నీళ్లు నా వాకిట్ల పడ్తయని మాత్రం రాయి."

"రాయి బిడ్డా, రాయి!" బుచ్చన్నకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

తెర మీద వాడకట్టు ఇళ్లన్నీ వరుసగా వెలిగాయి. సదయ్య ఇంటి పక్కన బుచ్చన్న ఇల్లు, దాని పక్కన సమ్మవ్వ ఇల్లు. ముగ్గురూ లాప్‌టాప్ మీదికి వంగి ఎవరి వాకిలి వాళ్లు వేలితో తడుముకున్నారు.

ఆ ఊరు ఓపెన్‌కాస్టు గుంతలో కలిసి తొమ్మిదేళ్లయింది.