పిల్లల ఓపీలో పెద్ద పేషెంటు

"పాప ఎక్కడ మేడమ్? పేషెంటుని చూపించకుండా టోకెన్ ఇయ్యను," అంది కౌంటర్లో కూర్చున్న అర్పిత. కొత్తగా చేరిన పిల్ల.

"పాప లేదమ్మా. పేషెంటు నేనే," అంది కాత్యాయని.

"ఇది పిల్లల గుండె ఓపీ. పెద్దోళ్ళు పక్క బిల్డింగ్‌కి పోవాల."

"అక్కడికి పోతే వాళ్ళు ఇక్కడికే తోలుతారు. పుట్టుకతో వచ్చిన జబ్బు కదా! వెంకటరాయప్పగారికి కాత్యాయని వచ్చిందని చెప్పు, చాలు."

అర్పిత ఆమెను ఎగాదిగా చూసింది. చూడదూ మరి! నలభై దాటిన మనిషి, చెవుల పక్కన నెరుపు, మెడలో ఆఫీసు బ్యాడ్జి. కానీ గుండెకు చిల్లుతో పుట్టి, చిన్నప్పుడే కుట్లు వేయించుకున్నవాళ్ళకు ఆ చిన్ననాటి డాక్టరే గతి. ఎంత ఎదిగినా పిల్లల వరసలోనే కూర్చోవాలి. కాత్యాయని వెళ్ళి గోడ మీది ఏనుగు బొమ్మ కింద బుల్లి కుర్చీలో సర్దుకుంది.

"మీ పాపకేమైందక్కా?" అని పక్కనున్న తల్లి అడిగితే నవ్వి ఊరుకుంది. ఆ గదిలో ప్రతి పేషెంటూ ఎవరో ఒకరి ఒడిలో ఉంది. ఆమె ఒక్కతే, అమ్మ పోయినప్పటి నుంచి ఏటా ఒంటరిగా వచ్చి ఒంటరిగానే హూడిలోని తన గదికి పోయేది. ఈసారి మాత్రం తోడుగా ఒక మనిషి వచ్చి కింద కాఫీ కౌంటర్ దగ్గర నిలబడ్డాడు. పేరు దేవరాజ్. బెళ్ళందూరు ఆఫీసులో ఆమె పక్క సీటు.

పోయిన వారం భోజనాల దగ్గర అతను ఉన్నట్టుండి అడిగాడు. "మనం పెండ్లి చేసుకుందామాండీ?"

కాత్యాయనికి మెతుకు గొంతులో అడ్డంపడింది. "నా గుండె సంగతి మీకు తెలుసు కదా! నేనెప్పుడు పోతానో ఏమో. మా అమ్మ అందుకే నాకు సంబంధమే చూడలేదు."

"తెలుసండీ. దాని గురించి నాకేం బాధ లేదు."

అంత మాట అన్న మగవాడు లోకంలో ఇంకొకడుంటాడా? ఆమె బాత్రూంలోకి పోయి కరువుదీరా ఏడ్చింది. అయినా మనసొప్పలేదు. తాళి కట్టించుకున్న నాలుగు రోజులకే తను కన్నుమూస్తే ఆ మంచివాడి గతేం కాను? డాక్టర్ని అడిగి మాట చెబుతానంది. "అడిగేదెందుకులేండి," అని అతను వద్దన్నా వినలేదు.

"ఏం పాపా, బాగుండావా?" అన్నారు లోపల వెంకటరాయప్పగారు. డెబ్బై దాటిన ఆయనకు ఆమె ఇప్పటికీ పాపే. స్కానింగ్ చూశారు, గుండె చప్పుడు విన్నారు.

"అంకుల్, సూటిగా అడుగుతాను. నేనెప్పుడు పోతాను?"

"ఓయబ్బా! నేనేమన్నా యముడి గుమాస్తానా?"

"నవ్వకండి అంకుల్. పెళ్ళి చేసుకోవాలని ఉంది. ఎదుటి మనిషిని మోసం చేయలేను."

ఆయన నవ్వు ఆపి కళ్ళద్దాలు తీశారు. "ఇట్ల చూడమ్మా. మునుపు నీ మాదిరి పుట్టినోళ్ళు గుండెతోనే పోతా ఉండ్రి. ఇప్పుడు అట్ల మాత్రమే కాదు. నా పాత పేషెంట్లల్లో ఒకాయప్పకు కామెర్లు. ఒకామెకు క్యాన్సరు. ఇంకొకాయప్ప రింగురోడ్డు మీద లారీ కింద పడినాడు. నీ వాల్వు ఎప్పుడన్నా ఒకతూరి మార్చాల్సి వస్తుందేమో, అది రిపేరీ పని. తప్పకుండా వచ్చి చూపించుకుంటా ఉండు. నువ్వూ అందరూ పోయేదాంతోనే పోతావు పో! పండ్లూడి, కోడలితో కొట్లాడి, అప్పుడు పోతావు."

దీర్ఘాయుష్మంతురాలివి కమ్మని దీవించడానికి చుట్టాలు కూడా జంకేవాళ్ళు. అలాంటిది, ముసలిదానివై చస్తావని ఒక పెద్దమనిషి నోటితో అన్నాడు. కాత్యాయనికి దుఃఖం ఆగలేదు. నర్సు నంజమ్మ అలవాటు కొద్దీ, ఏడ్చే పిల్లలకిచ్చే నక్షత్రం స్టిక్కరొకటి ఆమె చేతికి అంటించింది.

లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లన్నీ దిగేసింది. దేవరాజ్ కాఫీ కప్పుతో ఎదురొచ్చాడు.

"నాకేం కాదట!" అంది రొప్పుతూ. "ముసలిదాన్నవుతానట! అందరిలాగే!"

"నిజమాండీ?"

"నిజమే! ముప్పై ఏళ్ళయినా మిమ్మల్ని సతాయిస్తాను, చూస్తూ ఉండండి. ముహూర్తం ఎప్పుడు పెట్టిద్దాం?"

దేవరాజ్ కళ్ళు తడిశాయి. కప్పు బల్ల మీద పెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. ఆనందబాష్పాలనుకుంది కాత్యాయని. ఇన్నేళ్ళకు తన కోసం కంటతడి పెట్టే మనిషి ఒకడు దొరికాడని మురిసిపోయింది.

"చానా సంతోషమండీ. కానీ మన పెండ్లి వద్దు," అన్నాడు దేవరాజ్. "వచ్చే ఉగాది నేను చూసేది కష్టమన్నారు డాక్టర్లు. నా వెనకాల ఎక్కువ కాలం ఒంటరిగా మిగిలే పని మీకుండదని, మిమ్మల్ని అడిగితిని."