ముందే పంపిన ఊఁ

ఒకప్పుడు నెట్‌లో అందరి మాటా ఒకే దారిన పోయేది. కట్టే డబ్బును బట్టి దారులు విడగొట్టాక సింహాచలం లాంటి చౌక ప్లాను వాళ్లు వెనకబడ్డారు. కంపెనీల ప్రకటనలు, డబ్బున్నవాళ్ల కబుర్లు దూసుకుపోయాకే వాళ్ల మాట కదులుతుంది. ఊళ్లో ఉన్న అక్క, అతను 'అప్పా' అని పిలిచే పైడమ్మ మాట అతనికి వెంటనే వినిపిస్తుంది, ఆమె కొడుకు మంచి ప్లాను కట్టాడు కనక. అతని జవాబు చేరేసరికి ఆమె వేరే కబురులో ఉంటుంది.

వెల్డింగ్ షాపు వెనక గదిలో ఒంటిగా బతికే అతన్ని పలకరించే గొంతు అదొక్కటే. అదీ పోయేలా ఉంది.

"ఊ కొట్టవేట్రా? గోడకి సెప్పుకున్నట్టుంది," అని నిన్న ఫోను పెట్టేసింది.

అందుకే ఈ సాయంత్రం ఆమె కబురు ఎత్తుకోకముందే ఊ కొట్టడం మొదలుపెట్టాడు. గంజి వారుస్తూ "ఊఁ" అన్నాడు, ఉల్లిపాయ తరుగుతూ "ఊఁ" అన్నాడు. ఉపాయం పారింది; ముందే అన్న ఊఁలు ఆమె కబుర్ల మధ్యకి సరిగ్గా చేరాయి. మేక ఈనిన సంగతి, కోడలు అలిగిన సంగతి పైడమ్మ ఆగకుండా చెప్పుకుపోయింది.

"ఇయాల బాగా ఇంటన్నావురా," అంది. చాన్నాళ్లకు అతను నవ్వాడు.

"ఒరే, ఉన్నమాట సెప్పు. నానిలా రోజూ వాగితే నీకు ఇసుగొస్తాదేటి?"

అంతకుముందు పంపిన ఊఁ సరిగ్గా అప్పుడే ఆమెకు చేరింది.

"ఊఁ అంటన్నావేట్రా?" అందామె.

"లేదప్పా, ఆ ఊఁ దీనికి కాదప్పా," అన్నాడతను కత్తిపీట వదిలేసి.

"సర్లేరా. నీ పని సూసుకో," అని ఆమె పెట్టేసింది. అతని మాట ఇంకా దారిలోనే ఉంది, ముందు ఏదో సబ్బు ప్రకటన దాటుతోంది.