మొదటి గ్లాసు

“మూత తియ్యకు. నీళ్లింకా తేరుకోలేదు,” అంది అత్త, కుండ మీద చెయ్యి వేసి.

కోడలు పాపను చంకలోంచి భుజం మీదికి మార్చుకుంది. ఏడ్చి ఏడ్చి పిల్లకు గొంతు పోయింది. పెదవులు ఎండి పొరలు లేచాయి.

వరద మెట్ల సగం దాకా వచ్చి అక్కడే నిలబడిపోయింది. ముగ్గురూ మేడ మీది గదిలో చిక్కుకున్నారు. కోడలి మొగుడు కరెంటు స్తంభాలెక్కే పనివాడు; నీళ్లు రాకముందే డ్యూటీకి పోయాడు. మళ్లీ కబురు లేదు. గ్యాస్ అయిపోయింది, కాచుకునే దారి లేదు. అత్తే ఒక ప్లాస్టిక్ బకెట్టు అడుగున బెజ్జాలు పొడిచి, గుడ్డ పరిచి, నలగ్గొట్టిన బొగ్గు, పూలకుండీల్లోని ఇసుక, గులకరాళ్లు వరసగా పేర్చింది. పైన వరద నీళ్లు పోస్తే కింద కుండలోకి చుక్కలు చుక్కలుగా దిగుతాయి.

అంతవరకూ మెచ్చుకోవలసిందే. కానీ కుండలో గ్లాసెడు చేరిందంటే చాలు, ముందు తనే ముంచుకుని గటగటా తాగేస్తుంది. ఆనక మూతపెట్టి కాపలా కూర్చుంటుంది. పొద్దు వాలేదాకా ఇంకొకరిని ముట్టనివ్వదు.

“తేరుకోవడం మాకేనా అత్తయ్యా, మీకక్కర్లేదా?”

“ముసలి గొంతు. ఆగదే.”

“పసిగొంతు ఆగుతుందా?”

“ఆగాలి మరి.”

“మీ అబ్బాయి వచ్చాక చెప్తాను.”

“చెప్పు. ముందు వాణ్ణి రానీ.”

కోడలు బకెట్టు వైపు తిరిగింది. బొగ్గు కూడా అడుగంటింది. ఇవాళ పాత బొగ్గునే కడిగి మళ్లీ వేశారు. రేపు ఈ మాత్రం నీళ్లయినా దిగుతాయో లేదో. ఈవిడ మాత్రం మనవరాలి నోటి ముందు గ్లాసు ఖాళీ చేసి, మూతి తుడుచుకుని కూర్చుంది. కన్నపేగు కాకపోతే ఇంతేనేమో అనుకుంది కోడలు.

మధ్యాహ్నానికి పాప ఏడవడం మానేసింది. అది ఇంకా భయంగా ఉంది. నాలుక బయటపెట్టి తల్లి చెమటను నాకుతోంది.

ముసలామె పొట్ట మీద చెయ్యి పెట్టుకుని గోడకు చేరగిలబడింది. కళ్లు మూతలుపడ్డాయి. కుండ మీది చెయ్యి జారిపోయింది.

కోడలు ఊపిరి బిగబట్టి మూత తీసింది. అద్దంలాంటి నీళ్లు. గ్లాసు ముంచి పాప నోటికి పెట్టింది. పిల్ల రెండు చేతులతో గ్లాసును పట్టేసుకుంది. గుటక గుటకకూ దాని గొంతు కదులుతుంటే తల్లికి కళ్లు చెమర్చాయి. అడుగు దాకా తాగించి, చప్పుడు కాకుండా మూత పెట్టేసింది. ముసలిదాన్ని గెలిచానన్న తృప్తి ఆమె మొహంలో దాగలేదు.

ఉన్నట్టుండి అత్త లేచి, గోడ పట్టుకుంటూ కిటికీ దాకా పోయి భళ్లున కక్కుకుంది. నిలబడలేక అక్కడే కూలబడింది.

“ఏమైందత్తయ్యా?”

“ఈ నీళ్లు మంచివి కావే. నాకే పడలేదు. కుండ పారబోసెయ్.”

కోడలు కదల్లేదు. ముసలామె చెమట పట్టిన మొహం ఎత్తి, పాపవైపు చూసింది.

“పిల్లకింకా పట్టలేదుగా?”