ఆది చొక్కా

హలో, వినిపిస్తోందా అండీ? అందరూ కులాసానా? ఒక్క రెండు నిమిషాలు లైన్లో ఉండండి. ఒక టైలర్ సంగతి చెప్పాలి.

ఇప్పటికీ ఎక్కడ అలారం మోగినా ఆ టైలర్ చేతిలో కత్తెర ఆగిపోతుంది. పక్కకి తిరగాలేమో అనిపిస్తుంది.

కొట్టు బోర్డు వంకరగా ఉందని ఒకరోజు నిచ్చెనెక్కాడు. వెల్లకిలా పడ్డాడు.

కళ్ళు తెరిచేసరికి ఆసుపత్రి. నడుం కింద ఒళ్ళు తనది కానట్టే ఉంది.

“విరిగిన ఎముక బిగించాం. కానీ లోపల వెన్నుపాము నలిగిపోయింది. దానికి కుట్టు లేదు, అతుకు లేదు” అన్నాడు డాక్టరు. “కాళ్ళ సంగతి ఇప్పుడే చెప్పలేను. చేతులు బాగున్నాయి. కూర్చోగలిగితే మిషను కుట్టుకోవచ్చు. కదలకుండా పడుకుని వీపున పుండు పడిందో, నెలల తరబడి బోర్లానే.”

కూర్చోవాలి. టైలర్‌కి అదొక్కటే పట్టుకుంది. ఇంట్లో భార్య, బడికెళ్ళే కూతురు. ఇల్లు నడిచేది ఆ మిషను మీదే.

ఆ వార్డులో తగులుకున్నాడు అలారం తాత.

జేబులో చిన్న అద్దం, చేతిలో కీ ఇచ్చే పాత గడియారం. రెండు గంటలకోసారి అది గణగణ మోగేది. తాత దిగేవాడు.

“ఏమోయ్ టైలరూ, పక్కకి తిరగాలి.”

“ఇప్పుడే కన్నంటుకుంది తాతా, వదిలెయ్.”

“నీకు కన్నంటుకుంది. నీ తుంటికి మంచం అంటుకుంది. తిరుగు.”

“నొప్పేం లేదుగా!”

“నొప్పుంటే నువ్వే తిరిగేవాడివి. నీకు తెలీట్లేదు కనకే నేనొచ్చా.”

తిప్పి, కాళ్ళ మధ్య దిండు పెట్టి, వీపు వెనక అద్దం పట్టి చూపించేవాడు. “ఇదిగో, ఇక్కడ కందింది. ఈ పక్క బరువు వెయ్యకూడదు ఇవాళ.”

ఒకసారి భార్య అడ్డుపడింది. “పోనీలే తాతయ్యా, నిద్రపోతున్నాడు పాపం.”

తాత మొహం పాలిపోయింది. “ఆ మాట మాత్రం అనకమ్మా” అన్నాడు.

ఒక మధ్యాహ్నం టైలర్‌కి తిక్క రేగింది. “నీ జీతం కోసం నా ప్రాణం తోడెయ్యాలా? నీ కొడుకునైతే ఇలాగే లేపుతావా?”

తాత దిండు సర్ది, గడియారానికి కీ ఇచ్చుకుంటూ వెళ్ళిపోయాడు.

మర్నాడు ఒక పొట్లంతో వచ్చాడు. లోపల లేత నీలం గుడ్డ. దాని మీద ఆది, అదే, కొలతకిచ్చే పాత చొక్కా.

“ఒక చొక్కా కుట్టిపెట్టు. కూర్చుని కుట్టాలి సుమా.”

టైలర్ కంటితోనే కొలిచాడు. “ఇది సంచీలా వేలాడుతుంది తాతా నీకు. భుజాలు రెండంగుళాలు ఎక్కువ. ఎవరిది కొట్టుకొచ్చావ్?”

“కొలత అదే” అన్నాడు తాత నవ్వి. “మార్చకు.”

డెబ్బయ్యో రోజున టైలర్ చక్రాల కుర్చీలో కూర్చున్నాడు. తాత ఆఖరిసారి అద్దం పట్టి చూశాడు. ఒక్క మచ్చ లేదు.

“తానులోంచి తీసిన గుడ్డలా ఉంది. కూర్చున్నా పుండు పడుతుంది, పావుగంటకోసారి చేతుల మీద ఒళ్ళు లేపడం మర్చిపోకేం.”

ఇంటికొచ్చి మిషను పెడలు తీయించి మోటారు పెట్టించాడు. మోచేత్తో నొక్కే మీట. మధ్యమధ్య రెండు చేతుల మీదా ఒళ్ళు పైకెత్తుతుంటే కొట్టుకి వచ్చినవాళ్ళు నవ్వేవాళ్ళు.

“కుర్చీలో బస్కీలేంటి మావయ్యా?”

“మా తాత ఆర్డరు” అనేవాడు.

ఆసుపత్రి మీద బెంగ పెట్టుకున్నవాణ్ణి ఎక్కడైనా చూశారా? టైలర్ పెట్టుకున్నాడు. ఆ ఫినాయిలు వాసన, ఆ టిక్కుటిక్కు, ఆ కోపాలు... తలుచుకుంటే గుండె బరువెక్కేది.

అయినా పొట్లం మాత్రం అలమరలోనే ఉండిపోయింది. ఇవాళ కాదు రేపంటూ రెండేళ్ళు.

ఒకరోజు తీశాడు. ఆది చూసి నవ్వుకున్నాడు. ముసలాయనకి కొలతలేం తెలుసు? ఎండిన కొమ్మల్లాంటి తాత భుజాలు గుర్తు తెచ్చుకున్నాడు. ఆది పక్కన పడేసి, గుడ్డ తగ్గించి కత్తిరించాడు. ఏ పెళ్ళికొడుక్కీ అంత శ్రద్ధగా కుట్టలేదు.

వార్డుకెళ్ళాడు. అదే వాసన. తను పడుకున్న పదకొండో మంచం మీద ఇంకెవరో కుర్రాడు. గడియారం నర్సు బల్ల మీద ఉంది.

“తాత డ్యూటీలో లేడా అక్కా?”

“డ్యూటీ ఏంటి తమ్ముడూ? ఆయనకి ఇక్కడ ఉద్యోగమూ లేదు, జీతమూ లేదు. ఊరికే వచ్చేవాడు.” నర్సు గొంతు తగ్గింది. “పోయిన నెల పోయాడు.”

టైలర్ ఒళ్ళోని చొక్కా తీసి చూపించాడు.

“ఇది కుట్టమన్నాడక్కా. ఆది వదులుగా ఉంటే, ఆయన ఒంటికి సరిపోయేలా తగ్గించా.”

నర్సు చొక్కా అందుకుంది. నీలం గుడ్డ గుర్తుపట్టింది. “ఆయన ఒంటికా?” అంది.

గడియారం గణగణ మోగింది. నర్సు లేచి పదకొండో మంచం దగ్గరికెళ్ళి, నిద్రపోతున్న కుర్రాణ్ణి లేపి పక్కకి తిప్పుతూ అంది.

“ఈ గుడ్డ, ఆసుపత్రి నించి ఇంటికెళ్ళే రోజు తొడగాలని ఆయన కొడుక్కి కొన్నది తమ్ముడూ... ఇదే మంచం మీద, నిద్రపోతున్నాడు పాపం అని ఆయన లేపకుండా ఊరుకుంటే, వీపున పుండు పడి, అది ముదిరి చనిపోయిన కొడుక్కి.”

ఉంటానండీ. మీకు తెలిసినవాళ్ళెవరైనా ఇలా మంచాన ఉంటే, వాళ్ళింట్లోవాళ్ళకి ఇది పంపండి. నిద్రపోతున్నా సరే, లేపి తిప్పమనండి.